నలభై ఒకటో పేజీ మీద కాగితం

సలోమా భయాలకి ఆ చుట్టుపక్కల, పాతకాలం పద్ధతుల్లోనే బతికే ఆమిష్ క్రైస్తవుల ఇళ్ళల్లో పెద్ద పేరే ఉంది. పోయినేడాది మార్చిలో ఎదుటి గుట్ట మీద పొగ కనబడితే ఎవరి కొట్టమో అంటుకుందని దున్నిన చేలకి అడ్డంపడి పరిగెత్తింది. తీరా వెళ్ళి చూస్తే వాళ్ళు మేపుల్ చెట్టు రసంతో పాకం కాస్తున్నారు. చిన్న గిన్నెలో పాకం పోసిచ్చి, నవ్వు ఆపుకుంటూ పంపించారు. ఎనిమిది నెలల కూతురు లేనా నిద్రలో కాసేపు కదలకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. ఆ వేలికి పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడుస్తుంది. "బతికే ఉంది, విన్నావుగా. ఇక నన్ను పడుకోనీ," అంటాడు మొగుడు ఆట్లీ, కళ్ళు తెరవకుండానే.

ఆ పిరికితనం చూసే ఫ్యానీ అత్తయ్య ఆమెకి పని అప్పజెప్పింది. ఫ్యానీ ఆట్లీ తల్లికి చెల్లెలు. బగ్గీ కొట్టం పక్కగదిలో పుస్తకాల కొట్టు నడుపుతుంది. ఆమిష్ వాళ్ళ కథలు, వాళ్ళకి దాయాదుల్లాంటి మెనొనైట్ వాళ్ళ కథలు, బొంతలు కుట్టడం, పిట్టగూళ్ళు చెయ్యడం, తేనెటీగలు, కొవ్వొత్తులు, గుర్రపు డెక్కలు... అన్నీ కలిపి గోడ నిండా ఉంటాయి.

"మంచి పుస్తకం ఏదో చెప్పడానికి ధైర్యవంతులు పనికిరారే అమ్మాయ్," అంది ఫ్యానీ. "వాళ్ళకి అన్నీ మంచిగానే కనబడతాయి. నీలాంటిదే కావాలి."

పని రెండు రకాలు. కొత్తగా వచ్చిన పుస్తకం చదివి, ఎలా ఉందో చిన్న అట్టముక్క మీద రాసి, ఆ పుస్తకానికి గుచ్చాలి. ఇంగ్లీషు వాళ్ళు అచ్చువేసిన పుస్తకాల్లో సంఘం ఒప్పుకోని బొమ్మలుంటే, వాటి మీద మైదా జిగురుతో బ్రౌన్ కాగితం అంటించాలి. ఇంగ్లీషు వాళ్ళంటే తమ సంఘం బయటివాళ్ళు, కార్లూ కరెంటూ ఉన్నవాళ్ళు.

ఆమిష్ పిల్లలందరి చదువూ ఎనిమిదో తరగతితో ఆగుతుంది. తల్లి మంచాన పడ్డంతో సలోమాది ఏడులోనే ఆగింది. ఆ ఒక్క ఏడాదిలో మిగతావాళ్ళు ఏం నేర్చుకున్నారో తనకి తెలియదన్న బెంగ ఆమెకి ఇప్పటికీ ఉంది. పెద్ద మాట వస్తే వేలు పెట్టి కూడబలుక్కుంటుంది, మరీ పెద్దదైతే దాటేస్తుంది. అయినా ఆమె రాసే అట్టముక్కల కోసం జనం వచ్చేవారు.

'మెనొనైట్ నాయనమ్మ సముద్రం దాటి వచ్చిన కథ. మధ్యలో ఏడుపొస్తుంది, చేతిరుమాలు దగ్గర పెట్టుకోండి. పదేళ్ళు దాటిన పిల్లలకి ఇవ్వొచ్చు.'

'ఆమిష్ పిల్ల ప్రేమకథ, ఇంగ్లీషు ఆవిడ రాసింది. ఆ పిల్ల పుస్తకం మొత్తంలో ఒక్క ఆవు కూడా పితకలేదు. మిగతాది బాగుంది.'

'పిట్టగూళ్ళ పుస్తకం. కొలతలు సరిగ్గా ఉన్నాయి, మా ఆయన చేసి చూశాడు. మా గూటికి పిట్ట రాలేదు. అది పుస్తకం తప్పు కాదు.'

మార్చి ఆఖర్లో, గుంటగట్ల మీదా అడవి అంచునా దొరికే ఆకులూ దుంపలూ ఏరుకునే సరదా ఉన్నవాళ్ళ కోసం ఒక పుస్తకం వచ్చింది. దానికి ఇలా రాసింది: 'బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళొచ్చు. ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు.'

ఆ అట్టముక్క చూసి ఆట్లీ అక్క ఓర్ఫా పకపకా నవ్వింది. "అన్నిటికీ హడలిపోయే మా మరదలే భయం లేదని రాసిందంటే ఇక ఢోకా ఏముంది!" అని ఆ పుస్తకం అప్పుడే కొనుక్కుపోయింది.

ఇప్పుడు అదే పుస్తకం ఇంకో ప్రతి వచ్చింది. "పోయినసారి ఎక్కడెక్కడ అంటించావో, దీంట్లోనూ అక్కడే అంటించు," అని మంగళవారం నాడు ఫ్యానీ చేతిలో పెట్టింది.

గుడ్‌ఫ్రైడే నాడు మధ్యాహ్నం దాకా ఉపవాసం. పని చెయ్యకూడదు. చదువుకోవచ్చు, ప్రార్థన చేసుకోవచ్చు. ఆట్లీ నాలుగు రోజుల కిందట గడ్డి అటక మీంచి జారి చీలమండ బెణికించుకున్నాడు, కాలు బల్ల మీద చాపుకుని కూర్చున్నాడు. లేనా నేల మీద చెక్క ఆవుని కొరుకుతోంది. జిగురు రాయడం రేపటి పని అనుకుని, ఊరికే ఏయే పేజీలో చూసుకుందామని సలోమా పుస్తకం తెరిచింది.

నలభై ఒకటో పేజీ రాగానే గుర్తుపట్టింది. గుంట పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న ఆడమనిషి. పొట్టి లాగు, చేతుల్లేని చొక్కా. పోయినసారి ఈ పేజీ దగ్గరే లేనా పళ్ళు వస్తున్న బాధతో గుక్కపట్టి ఏడ్చింది. బొమ్మ పేజీలో అడ్డదిడ్డంగా పరుచుకుని ఉంది, చుట్టూ సందుల్లో అక్షరాలు. కత్తిరించి ఒద్దికగా అంటించే ఓపిక లేక పేజీ మొత్తానికి ఒకే కాగితం వేసి అరచేత్తో రుద్దేసి, పిల్లని ఎత్తుకుంది. ఆ అక్షరాలు చదవలేదు.

ఇవాళ పిల్ల ఏడవడం లేదు. ఆకలికి ఎలాగూ ఏం తోచడం లేదు. చదివింది.

'ఎడమచేతిలోది అడవి క్యారెట్. కాడ నిండా నూగు ఉంటుంది. నలిపితే క్యారెట్ వాసన వస్తుంది. కుడిచేతిలోది హెమ్లాక్. కాడ నున్నగా ఉంటుంది, ఊదారంగు మచ్చలుంటాయి. రెండూ ఒకే గుంటలో పక్కపక్కనే మొలుస్తాయి. హెమ్లాక్ దుంప చిన్న ముక్క తిన్నా మనిషి దక్కడం కష్టం. ఈ పేజీ చదవకుండా తరవాతి పేజీకి వెళ్ళకండి.'

వేలు పెట్టి మళ్ళీ చదివింది. ఒక్క మాట కూడా పెద్ద మాట కాదు. తరవాతి పేజీలో అడవి క్యారెట్ సూప్ చేసే పద్ధతి ఉంది.

లేచి గోడకున్న ఉత్తరాల సంచిలో చెయ్యి పెట్టింది. నిన్న టపాలో ఓర్ఫా దగ్గర్నుంచి కార్డు వచ్చింది. నిన్న దాన్ని చదివి లోపల్లోపల పొంగిపోయింది. ఆ పొంగు గర్వమేమోనని రాత్రి ప్రార్థనలో క్షమించమని కూడా అడిగింది. ఇప్పుడు ఆ కార్డు తీసి మళ్ళీ చదివింది.

'నీ పుస్తకం మా పిల్లలకి పిచ్చెక్కించింది. రంపపు మిల్లు వెనక గుంటలో అడవి క్యారెట్ దుంపలు ఒడినిండా తవ్వుకొచ్చారు. శుక్రవారం ఉపవాసం విడిచాక అందరికీ సూప్. నువ్వూ ఉంటే బాగుండేది.'

"ఆట్లీ," అంది. "ఆట్లీ!"

"మళ్ళీ ఎక్కడ పొగ?" అన్నాడు అతను, చదువుతున్న దాంట్లోంచి తలెత్తకుండా.

ఆమె పుస్తకమూ కార్డూ తెచ్చి అతని ఒళ్ళో పడేసింది. అతను ముందు బొమ్మ చూసి చటుక్కున మొహం తిప్పుకున్నాడు. "చదువు!" అని అరిచింది. ఆమె అలా అరవడం అతనెప్పుడూ వినలేదు. చదివాడు. కార్డు చదివాడు. చాపిన కాలు నేలమీద పెట్టబోయి నొప్పికి మూలిగాడు.

"అక్కకి మొక్కలు తెలుసు సలోమా. చిన్నప్పట్నుంచీ..."

"తెలిస్తే పుస్తకం ఎందుకు కొంటుంది? పిల్లలు తవ్వారని రాసింది. పిల్లలకేం తెలుసు? నేను మూసేశాను ఆట్లీ. నా చేత్తో మూసేసి, భయం లేదని రాశాను."

ఆట్లీ గడియారం చూశాడు. పదీ పది అవుతోంది. "పన్నెండు దాకా ముట్టరు. రూబెన్ బావ డీకను, సంఘం నియమాలు నిలబెట్టే పెద్ద. ఆయనింట్లో ఉపవాసం ఒక్క నిమిషం ముందు విడవరు. గంటన్నర పైనే ఉంది. బగ్గీలో అరగంట దారి. నేను రానా?"

"నువ్వు బండెక్కేసరికే పన్నెండవుతుంది. లేనాని చూసుకో. కింద పడిందేదీ నోట్లో పెట్టుకోనివ్వకు. వీధి తలుపు గడియ పెట్టు. నిద్రపోతే..."

"ముక్కు దగ్గర వేలు పెడతాను. పద, గుర్రాన్ని కట్టు."

ఎనిమిది నెలల్లో పిల్లని వదిలి గడప దాటడం ఇదే మొదలు. గౌను గుండీలకి బదులు గుచ్చుకునే గుండుసూదులు తొందరలో వేళ్ళకి దిగాయి. తెల్ల కుళ్ళాయి మీద, బయటికి వెళ్ళేటప్పుడు పెట్టుకునే నల్ల బొనెట్ టోపీ వేసుకోవడం మర్చిపోయింది.

రస్టీ ఒకప్పుడు పందేల గుర్రం. వరసగా ఓడిపోయి వీళ్ళకి చవగ్గా వచ్చింది. కొన్న దగ్గర్నుంచీ సలోమా దాన్ని ఏనాడూ పరిగెత్తనివ్వలేదు. ఇవాళ కూడా అలవాటుకొద్దీ కళ్ళెం బిగించే పట్టుకుని పొలం చివరిదాకా పోనిచ్చింది. అక్కడ నాలుగిళ్ళకీ కలిపి ఒక ఫోను గది ఉంది, నిలువు పెట్టెలాంటిది. ఫోనులు ఇళ్ళల్లో ఉండకూడదు గానీ పొలంగట్టున ఉండొచ్చు. దిగి లోపలికి వెళ్ళి ఓర్ఫా వాళ్ళ పొలంగట్టున ఉన్న గదికి ఫోను చేసింది. మోగుతోంది. ఆ గదికీ వాళ్ళ వంటింటికీ మధ్య పెద్ద జొన్నచేనంత దూరం. ఆ మోత గోడలకి వినబడుతుంది, అంతే. తర్వాత కారులో అద్దెకి తీసుకెళ్ళే ఇంగ్లీషు ఆవిడకి చేసింది. ఆవిడా ఎత్తలేదు. చర్చికి వెళ్ళి ఉంటుంది.

ఫోను పెట్టేస్తూ దానిమీద వెలుగుతున్న అంకెలు చూసింది. పదకొండు ముప్పై రెండు.

ఒక్క క్షణం ఫోను పాడైందనుకుంది. తర్వాత గుర్తొచ్చింది. వసంతం రాగానే ఇంగ్లీషు వాళ్ళు గడియారాల్ని గంట ముందుకి తిప్పుతారు. సలోమా వాళ్ళ సంఘంలో తిప్పరు, పాత టైమే. కానీ ఓర్ఫా వాళ్ళది వేరే సంఘం. రూబెన్ ఇంగ్లీషు వాళ్ళ రంపపు మిల్లులో పనిచేస్తాడు. వాళ్ళింట్లో గడియారం తిప్పుతారు. వాళ్ళ పన్నెండు అంటే తనింట్లో పదకొండు.

గంటన్నర కాదు. ఇరవై ఎనిమిది నిమిషాలు.

బండెక్కి కళ్ళెం వదిలేసింది. రస్టీకి ముందు అర్థం కాలేదు. తల వెనక్కి తిప్పి చూడబోయింది. "పో! పోవే తల్లీ, పో!" అంది సలోమా. అప్పుడు ఆ గుర్రం ఒంట్లో మర్చిపోయినదేదో లేచింది. బగ్గీ ఒక్క కుదుపు కుదిపి, గతుకుల మీద ఎగిరెగిరి పడుతూ పోయింది. ఎప్పుడు చక్రం ఊడుతుందో, ఎప్పుడు గుంటలో పడుతుందో అని వేరే రోజయితే కళ్ళు మూసుకునేది. ఇవాళ ఆ భయానికి చోటే లేదు. ఓర్ఫాకి ఆరుగురు పిల్లలు. పెద్దది ఐలీన్, పన్నెండేళ్ళది. ఆఖరివాడికి మూడేళ్ళు, వాడు సూప్ గిన్నెని రెండు చేతులతో ఎత్తి తాగుతాడు. అందరికంటే ముందు ఖాళీ చేసేది వాడే.

ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. ఆ మాట చక్రాల చప్పుడుతో కలిసి చెవుల్లో తిరుగుతోంది. ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. తన దస్తూరీ. చివర చుక్క కూడా గుండ్రంగా, ముచ్చటగా పెట్టింది.

వెనకనుంచి కారు వచ్చి పక్కగా నెమ్మదించింది. కిటికీలోంచి ఒకాయన కెమెరా పెట్టాడు. మామూలుగా అయితే, సంఘంలో ఫోటో దిగడం తప్పు కనక, మొహం పక్కకి తిప్పుకునేది. ఇవాళ చెయ్యెత్తి ఊపింది. "ఆపండి! నన్ను తీసుకెళ్ళండి! పిల్లలు..." వాళ్ళు మురిసిపోయారు. అందరూ చేతులు ఊపి, నవ్వి, దుమ్ము రేపుకుంటూ ముందుకెళ్ళిపోయారు.

ఆఖరి ఎత్తు ఎక్కేసరికి రస్టీ మెడంతా నురగ. ఓర్ఫా ఇల్లు కనబడింది. వాకిట్లో ఒక్క పిల్లా లేదు. ఊయలబల్ల ఖాళీగా ఉంది. కుక్క కూడా మొరగలేదు. ఆరుగురు పిల్లలున్న ఇంట్లోంచి చిన్న చప్పుడైనా రావడం లేదు.

గుర్రాన్ని కట్టకుండానే దూకి వంటింటి మెట్లు ఎక్కింది. తలుపు అద్దంలోంచి చూసింది. పొడుగాటి బల్ల. బల్ల చుట్టూ ఎనిమిది మంది. ఎనిమిది తలలూ గిన్నెల మీదికి వాలిపోయి ఉన్నాయి. ఎవరూ కదలడం లేదు. చిన్నవాడి నుదురైతే బల్లకి ఆనుకుని ఉంది. గిన్నెల్లోంచి ఆవిరి ఒక్కటే మెల్లగా లేస్తోంది.

సలోమా నోట్లోంచి వచ్చిన కేక ఆమెకే కొత్తగా వినబడింది.

ఎనిమిది తలలూ ఒక్కసారి లేచాయి.

తను పుట్టిన దగ్గర్నుంచీ రోజుకి మూడుసార్లు అలాగే తలవంచి, మాట లేకుండా ప్రార్థన చేసుకుని అన్నం తింటోంది. ఆ సంగతి ఆ క్షణంలో తట్టనేలేదు. తలుపు తోసుకుని లోపలికి పడింది. "తినకండి! ఎవరూ ముట్టుకోకండి!" అంటూ చిన్నవాడి గిన్నె లాక్కుంది. సూప్ ఆమె ఏప్రాన్ మీద ఒలికింది. వాడు గుక్కపట్టాడు.

"ఏమ్మా సలోమా!" అన్నాడు రూబెన్, సగం లేచి. "ఆట్లీకి ఏమన్నా అయిందా?"

"ఎవరన్నా తిన్నారా అన్నయ్యా? ఒక్క చెంచా అయినా? వదినా, నువ్వు ఉప్పు చూశావా? నిజం చెప్పు!"

ఓర్ఫా గరిటె పట్టుకుని లేచి నిలబడింది. "చూశాను... చూడకుండా ఎలా దించుతాను?"

"అమ్మ ఉపవాసంలో ఉప్పు చూసింది!" అని ఎవడో కిసుక్కుమన్నాడు. ఐలీన్ వాడి మోకాలి మీద గిల్లింది.

"ఎంత తాగావు? ఎంతసేపైంది? నోరు మండుతోందా? కడుపులో..."

"నీకేమయిందే అమ్మాయ్? కూర్చో ముందు. బొనెట్ లేదు, ఏం లేదు, రోడ్డు మీద అలాగే వచ్చావా?"

సలోమా కూర్చోలేదు. అందరి ముందూ, డీకను ముందూ, చెప్పేసింది. బొమ్మ చూసి కాగితం అంటించానని, పేజీ మొత్తం అంటించానని, చదవలేదని, చదవకుండానే భయం లేదని రాశానని. "ఆ కాగితం కింద ఉంది వదినా. రెండూ ఒకేలా ఉంటాయట. ఒకటి హెమ్లాక్ అట. చిన్న ముక్క చాలట." చెబుతుండగానే చేతులు తమంతట తాము ఇంకో గిన్నె లాక్కున్నాయి.

రూబెన్ తన గిన్నెని వేలితో అవతలికి జరిపాడు. పిల్లలూ జరిపారు.

"సూప్‌కి ఏమీ కాలేదు," అంది ఓర్ఫా.

"నీకెలా తెలుసు?"

"కాలేదంటున్నానుగా. తినండర్రా."

"పారబోద్దాం," అన్నాడు రూబెన్. "రొట్టె ఉందిగా. అనుమానం పెట్టుకుని తినడం ఎందుకు?"

"పొద్దుటి నుంచి మాడుతున్నారు పిల్లలు, కుండెడు సూప్ పారబోస్తారా?" ఓర్ఫా చెంపలు ఎర్రబడ్డాయి. గబుక్కున చెంచా ముంచి నోటిదాకా తెచ్చింది. సలోమా ఆమె మణికట్టు రెండు చేతులతో పట్టుకుని వేలాడింది. చెంచా నేలమీద మోగింది.

"వదులే! నాకు తెలుసంటుంటే!"

"ఎలా తెలుసు?" ఈసారి అడిగింది రూబెన్. అది మొగుడి గొంతు కాదు. ఆదివారం నాడు తప్పు చేసినవాళ్ళ ఇంటికి వెళ్ళి అడిగే గొంతు.

ఓర్ఫా మొగుడి వంకా మరదలి వంకా చూసింది. ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుంది. తడి లేకపోయినా మళ్ళీ తుడుచుకుంది. పిండి డబ్బా వెనకనుంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టి తెరిచింది. నలభై ఒకటో పేజీ మీద బ్రౌన్ కాగితం అలాగే ఉంది, కానీ మూడు వైపులా ఊడి ఉంది. నాలుగో వైపు తలుపు బందులా అంటుకుని ఉంది. ఓర్ఫా దాన్ని ఎత్తింది.

"కెటిల్ ఆవిరి పట్టాను," అంది, ఎవరి మొహమూ చూడకుండా. "కొన్న రోజే."

"ఎందుకు?"

"ఎందుకంటే... మిగతా చోట్ల ఇది కొంచెం కొంచెంగా అంటిస్తుందండీ. మోకాళ్ళయితే మోకాళ్ళ వరకే. ఇక్కడ పేజీకి పేజీ మూసేసింది. అంత మూసిందంటే ఇంకెంత ఘోరం ఉందోనని... తీరా చూస్తే మామూలు మోకాళ్ళే. రెండు దుంపలూ."

ఐలీన్ నోరు చేత్తో మూసుకుంది. రూబెన్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. పేజీ మీదికి వంగాడు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. చదవడానికి పట్టే దానికంటే ఎక్కువసేపే చూశాడు.

"దుంపలు రెండూ స్పష్టంగానే ఉన్నాయి," అన్నాడు చివరికి. కాగితాన్ని కిందికి దించి, అరచేత్తో ఒత్తి, పుస్తకం మూశాడు. "ఒకావిడ మూసింది, ఒకావిడ తెరిచింది. ఎవరి తప్పు పెద్దదో నాకిప్పుడు తోచడం లేదు. ఆకలేస్తోంది. తిన్నాక ఆలోచిస్తాను."

పిల్లలు గిన్నెల మీద పడ్డారు. సలోమా చూడలేక బయటికి వచ్చి మెట్ల మీద కూలబడింది. ఓర్ఫా వెనకే వచ్చి, రస్టీ ముందు నీళ్ళ బకెట్ పెట్టి, పక్కన కూర్చుంది.

"నిజంగా మంచిదేనా వదినా? ప్రతి దుంపా చూశావా?"

"ఒక్కో కాడా వెలుతుర్లో పెట్టి చూశాను. నూగు లేనిది ఒక్కటి కూడా కుండలోకి పోలేదు." తర్వాత నవ్వు లేని గొంతుతో అంది. "తెచ్చినదాంట్లో సగం అదే సలోమా. ఐలీన్ ఒళ్ళో పోసుకొచ్చింది. నున్నగా, ఊదా మచ్చలతో. పందులకి కూడా వెయ్యలేదు. కొట్టం వెనక గొయ్యి తీసి పాతాను. ఆ రాత్రి నిద్రపోలేదు నేను. నీకు చెబుదామంటే, ఎలా తెలిసిందంటావు. ఈయనకి చెబుదామంటే ఈయన డీకను. సూప్ చేసి, ఏమీ జరగనట్టు నీకు కార్డు రాశాను."

సగం అదే. సలోమా మెట్టు పక్కకి వంగింది, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు కనక ఏమీ రాలేదు. ఓర్ఫా వీపు మీద రుద్దింది.

"ఊరుకో. ఏమీ కాలేదుగా. అయినా మా సంఘంలో నీ కాగితం ఊడదీయని ఇల్లెక్కడుందే? వట్టి మైదాపిండి, రెండు నిమిషాల ఆవిరికి వచ్చేస్తుంది. మా తోడికోడలైతే ముందు కాగితాలు ఊడదీసి, తర్వాత పుస్తకం మొదలుపెడుతుంది."

సలోమాకి నవ్వొచ్చింది. నవ్వుతోనే ఏడుపూ వచ్చింది. కుళ్ళాయి అంచుతో మొహం తుడుచుకుంటుంటే ఒక ఆలోచన తగిలి చెయ్యి ఆగిపోయింది.

"ఊడదీయని వాళ్ళు కూడా ఉంటారు కదా వదినా?"

లోపల చెంచాల చప్పుడు వినబడుతోంది.

"ఉంటారు," అంది. "మంచివాళ్ళు."

మర్నాడు పొద్దున్నే లేనాని చంకనేసుకుని సలోమా ఫ్యానీ కొట్టుకి వెళ్ళింది. పొయ్యి మీద కెటిల్ పెట్టింది. గోడమీది పుస్తకాలు ఒక్కొక్కటీ దించి, తను పేజీ మొత్తానికి అంటించిన కాగితాలన్నీ ఆవిరి పట్టి ఊడదీయడం మొదలుపెట్టింది. ఒక్కోటి లేస్తుంటే ఊపిరి బిగబట్టేది. కూరగాయలు సీసాల్లో పట్టే పుస్తకంలో భుజాలు బయటపెట్టుకున్న ఒక పెళ్ళికూతురు, పక్కన సీసా మూతల బొమ్మ. ప్రమాదం ఏమీ లేదు. తేనెటీగల పుస్తకంలో స్నానాల దుస్తుల్లో ఒకావిడ, కిందే, ఈగ కుడితే ఒళ్ళు ఉబ్బేవాళ్ళు ఏం చెయ్యాలో నాలుగు వాక్యాలు. సలోమా ఆ నాలుగు వాక్యాలూ వేలు పెట్టి మూడుసార్లు చదివింది. ఆ పుస్తకం ప్రతులు రెండు అప్పటికే అమ్ముడుపోయాయి.

కొత్త కాగితాన్ని కత్తెరతో పొడుగు గౌను ఆకారంలో కత్తిరించి, నలభై ఒకటో పేజీలోని మనిషికి మెడ దగ్గర్నుంచి చీలమండల దాకా తొడిగింది. చేతుల్లోని దుంపలూ, చుట్టూ అక్షరాలూ బయటే ఉంచింది.

ఫ్యానీ కళ్ళజోడు ఎత్తి చూసింది. "గౌను బాగానే కుదిరిందే. మడత ఒకటి పెట్టాల్సింది."

సలోమా నవ్వలేదు. కొట్లోనే ఉండిపోయిన పాత అట్టముక్క చించి కొత్తది రాస్తోంది. 'ఇందులో భయపడాల్సింది ఉంది. నలభై ఒకటో పేజీ. ముందు అది చదవండి, తర్వాతే మిగతావి.'

"అత్తయ్యా," అంది కలం దించకుండా. "ఈ రెండేళ్ళలో నా కాగితాలున్న పుస్తకాలు ఎవరెవరు పట్టుకెళ్ళారో గుర్తుందా?"

"అందరూ పట్టుకెళ్ళారు. ఎంతమందని చెప్పను?"

"అందరూ వద్దు. కాగితం అంటించి ఉంటే దాని జోలికి పోనివాళ్ళు. చెప్పిన మాట జవదాటని వాళ్ళు."

ఫ్యానీ ఆమె మొహంలోకి చూసింది. ఏమనుకుందో, ఏమీ అడక్కుండా స్టూలు లాక్కుని కూర్చుంది. ఇద్దరూ గుర్తుచేసుకున్నారు. తేనెటీగల ముసలాయన ఒకరు. కొవ్వొత్తులు పోసే అక్కచెల్లెళ్ళు ఇద్దరు, వాళ్ళు కొన్న పుస్తకం ఇంకో ప్రతి కూడా కొట్లో లేదు, దాంట్లో తను ఏం మూసిందో సలోమాకి ఎంత తన్నుకున్నా జ్ఞాపకం రావడం లేదు. బిషప్పుగారి భార్య. ఇంకా ముగ్గురు. అట్టముక్క వెనక ఏడు పేర్లు వచ్చాయి. ఏడుగురూ మంచివాళ్ళే.

సలోమా కెటిల్‌లో మిగిలిన నీళ్ళు పారబోసి, ఆ కెటిల్‌నే చేత పట్టుకుంది. లేనాని ఫ్యానీ ఒళ్ళో కూర్చోబెట్టింది. "కింద పడిందేదీ..." అనబోయి ఆగి, ముందు కొవ్వొత్తుల అక్కచెల్లెళ్ళ ఇంటికి వెళ్ళాలని రస్టీని కట్టడానికి బయటికి నడిచింది.